శ్రీకాకుళం జిల్లా నుంచి 2028 డిసెంబరు 31 నాటి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని ఎలా చూడాలి

గ్రహణం చూడాలనుకోగానే మన జిల్లాలో చాలామంది కళింగపట్నానికో, బారువకో, భావనపాడుకో బయలుదేరుతారు. సముద్రం మీద ఆకాశం విశాలంగా కనిపిస్తుంది కనుక అది సహజమే. అయితే గ్రహణ సమయంలో చంద్రుడు ఆకాశంలో ఏ ఎత్తున, ఏ దిక్కున ఉంటాడో తెలుసుకోకుండా చోటు ఎంచుకుంటే ప్రయాణం వృథా అవుతుంది. 2028 సంవత్సరపు చివరి రాత్రి రాబోతున్న సంపూర్ణ చంద్రగ్రహణానికి సముద్ర తీరం అవసరమే లేదు, మీ ఇంటి డాబాగానీ ఊరి చివర కళ్లంగానీ అంతకన్నా మంచి చోటు. అలా ఎందుకంటున్నానో, ఆ రాత్రికి ఎలా సిద్ధం కావాలో వరుసగా చెబుతాను.

ముందుగా వేళలు రాసిపెట్టుకోండి. భూమి చిక్కటి నీడ, అంటే ప్రచ్ఛాయ, చంద్రుడి అంచును తాకేది రాత్రి సుమారు 8 గంటల 37 నిమిషాలకు. మన పెద్దలు గ్రహణం పట్టడం అనేది దీన్నే. 9 గంటల 46 నిమిషాలకు చంద్రబింబం మొత్తం నీడలోకి వెళ్లిపోతుంది. 10 గంటల 22 నిమిషాలకు గ్రహణ మధ్యకాలం. 10 గంటల 58 నిమిషాలకు ఒక అంచున మళ్లీ వెలుగు మొలుస్తుంది. అర్ధరాత్రి దాటి సుమారు 12 గంటల 6 నిమిషాలకు చిక్కటి నీడ పూర్తిగా విడిచిపెడుతుంది, అప్పటికి 2029 వచ్చి ఆరు నిమిషాలవుతుంది. సంపూర్ణ దశ 71 నిమిషాలు, పట్టు నుంచి విడుపు వరకు దాదాపు మూడున్నర గంటలు. ఈ వేళలు శ్రీకాకుళానికి వేరు, హైదరాబాదుకు వేరు అనుకోవద్దు. సూర్యగ్రహణం వేళ ఊరూరికీ మారుతుంది, ఎందుకంటే అక్కడ చంద్రుడి చిన్న నీడ భూమి మీద పరుగెడుతుంది. చంద్రగ్రహణంలో నీడ పడేది చంద్రుడి మీదే కాబట్టి, చంద్రుడు కనిపించే ప్రతి ఊరికీ అది ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. ఊరిని బట్టి మారేది చంద్రుడు కనిపించే ఎత్తు మాత్రమే. పట్టు స్నానం, విడుపు స్నానం చేసే అలవాటున్న ఇళ్లలో కూడా పై వేళలనే చూసుకోవచ్చు. గ్రహణ వేళల్లో ఆలయాల తలుపులు మూయడం ఆనవాయితీ, పైగా అది ధనుర్మాసం, కాబట్టి ఆ రాత్రి అరసవల్లి గానీ శ్రీకూర్మం గానీ వెళ్లాలనుకునేవారు ఆలయం వారి ప్రకటన చూసుకుని బయలుదేరడం మంచిది.

ఇక చోటు సంగతి. 2018 జనవరి 31 సాయంత్రం నేను కళింగపట్నం తీరంలో ఉన్నాను. ఆనాటి గ్రహణం మనకు చంద్రోదయానికి ముందే మొదలైంది, సాయంత్రం 5 గంటల 18 నిమిషాలకే చంద్రుడిని నీడ తాకింది. అంటే సముద్రంలోంచి పైకి వచ్చేసరికే బింబంలో మూడో వంతుకు పైగా కొరుక్కుపోయి ఉండాలి. మేం తూర్పు దిక్కుకు కళ్లప్పగించి నిలబడ్డాం, ఏమీ కనిపించలేదు. నీటి మీద బూడిదరంగు మసక తెర, వెనక ఇంకా ఆరని సందె వెలుగు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "సందమామ ఇంకా నీళ్లలోనే ఉన్నాడు బాబూ, కాసేపాగండి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. బొటనవేలంత ఎత్తుకు వచ్చాక గానీ, నలిగిన ఇత్తడి రేకులాంటి ఆ ముక్క మాకు చిక్కలేదు. అలాంటి గ్రహణానికి తీరం తప్పనిసరి, ఎందుకంటే చంద్రుడు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఒక ఇల్లు, ఒక కొబ్బరిచెట్టు కూడా అడ్డం వచ్చేస్తాయి.

2028 చివరి రాత్రి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. శీతాకాలపు పౌర్ణమి చంద్రుడు వేసవి సూర్యుడి దారిలో, అంటే మన నడినెత్తి మీదుగా నడుస్తాడు. ఆ రోజు పొద్దు కుంకే వేళకే తూర్పున ఉదయించి, 8 గంటల 37 నిమిషాలకు తూర్పు ఆకాశంలో, కాస్త ఉత్తరానికి వారగా, సుమారు 43 డిగ్రీల ఎత్తుకు చేరుతాడు. గ్రహణ మధ్యకాలానికి ఆ ఎత్తు దాదాపు 67 డిగ్రీలు. డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి సుమారు పది డిగ్రీలు. దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే, గ్రహణం పట్టేటప్పుడు నాలుగు పిడికిళ్ల పైన, నిండు గ్రహణంలో ఏడు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో చంద్రుడు ఉంటాడు. అంత ఎత్తున ఉన్న చంద్రుడికి సముద్రపు తేమ తెర అడ్డురాదు, ఎదురింటి మేడ అడ్డురాదు. పైగా డిసెంబరు 31 రాత్రి బీచ్‌లలో జనం, టపాసులు, బళ్ల హెడ్‌లైట్లు ఉంటాయి, వాటి మధ్య కళ్లు చీకటికి అలవాటుపడవు.

కాబట్టి మీ డాబాయే మొదటి ఎంపిక చేసుకోండి. ఒక పరీక్ష ముందు రోజే చేయవచ్చు. చంద్రుడు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కనుక, డిసెంబరు 30 రాత్రి 7 గంటల 45 నిమిషాలకు ఒకసారి, 9 గంటల 30 నిమిషాలకు ఒకసారి డాబా ఎక్కితే, మర్నాడు గ్రహణం పట్టే వేళకూ నిండు గ్రహణం వేళకూ చంద్రుడు దాదాపు ఎక్కడ ఉంటాడో కళ్లముందే కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు అడ్డం వస్తోందా, వీధి దీపం నేరుగా కళ్లలో పడుతోందా, ఉద్దానం వైపు ఊళ్లలోనైతే కొబ్బరి మట్టలు కప్పేస్తున్నాయా అన్నది అప్పుడే తేలిపోతుంది.

డాబా లేనివారికి కళ్లం మంచిది. డిసెంబరు ఆఖరుకు మన పల్లెల్లో వరి కోతలు అయిపోయి కుప్పలు కళ్లాలకు చేరి ఉంటాయి, చుట్టూ పొలాలు ఖాళీగా ఉంటాయి. అయితే రెండు జాగ్రత్తలు. కుప్పల దగ్గర ఎలుకలు, వాటి కోసం పాములు తిరుగుతాయి కాబట్టి చెప్పులు కాదు, బూట్లు వేసుకుని టార్చి వేసుకుంటూ నడవండి. కుప్పల పక్కన చలిమంట వేయకండి, ఒక్క నిప్పురవ్వకు ఏడాది పంట పోతుంది. ఉద్దానంలోని జీడి, కొబ్బరి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని ఆ ప్రాంతం వారికి నేను చెప్పనక్కర్లేదు, బయటి ఊళ్ల నుంచి వెళ్లేవారు మాత్రం రాత్రిపూట తోటల్లోకి పోవద్దు. కొత్తూరు, సీతంపేట కొండల వైపు ఏనుగుల సంచారం ఉంది, అక్కడ కూడా ఊరు దాటి పోకండి. శాలిహుండం కొండ మీద నుంచి వంశధార మీదుగా చంద్రుణ్ని చూడాలన్న కోరిక నాకూ ఉంది, కానీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లకు చీకటి పడ్డాక ప్రవేశం ఉండదు. తేలినీలాపురంలో ఆ రోజుల్లో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లలో ఉంటాయి కనుక అక్కడ రాత్రివేళ లైట్లతో సందడి చేయడం సరి కాదు.

తర్వాతి పని పడుకునే ఏర్పాటు. ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు గానీ, ఈ గ్రహణానికి ఇదే అతి ముఖ్యమని నా అభిప్రాయం. ఏడు పిడికిళ్ల ఎత్తుకు తలెత్తి నిలబడి పది నిమిషాలు చూస్తే మెడ పట్టేస్తుంది, ఇరవై నిమిషాలకు ఆసక్తి పోతుంది, పిల్లలైతే ఇంకా ముందే కిందికి దిగిపోతారు. ఒక నులక మంచమో, చాప మీద బొంతో వేసుకుని, కాళ్లు తూర్పుకు పెట్టి, తల కింద ఎత్తయిన తలగడ పెట్టుకుంటే చంద్రుడు నేరుగా కళ్లముందు ఉంటాడు. మంచు పడుతుంది కనుక దుప్పటి కప్పుకున్నా పైన ఒక ప్లాస్టిక్ పట్టా ఉంచుకోండి. పెద్దవాళ్లకు మంకీ క్యాప్, శాలువా, ఫ్లాస్కులో వేడి టీ అందుబాటులో ఉండాలి. గ్రహణంలో ఏమీ తినని మామ్మలు ఇంట్లో ఉంటే వారి భోజనం సాయంత్రమే ముగిసేలా చూడండి, వారినీ మంచం మీద కూర్చోబెట్టి చూపించండి. చంద్రగ్రహణాన్ని నేరుగా కంటితో చూడటం వల్ల కంటికి ఏ ప్రమాదమూ లేదు. అది సూర్యుడు కాదు, మామూలు పౌర్ణమి వెన్నెలకన్నా తక్కువ వెలుగు. కడుపుతో ఉన్నవారికి గానీ కడుపులో బిడ్డకు గానీ భూమి నీడ వల్ల హాని కలగదు. నియమం పాటించాలనుకునే వారి ఇష్టాన్ని గౌరవించండి, చూడాలనుకునే వారిని భయపెట్టకండి.

పిల్లలున్న ఇంట్లో ఆ ముందు రెండు రోజుల్లో ఒక ప్రయోగం చేయండి. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న బత్తాయి ఒకటి, రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉసిరికాయ ఒకటి తీసుకోండి, ఆ రోజుల్లో రెండూ సంతలో దొరుకుతాయి. బత్తాయి భూమి, ఉసిరికాయ చంద్రుడు, పరిమాణాల నిష్పత్తి దాదాపు సరిగ్గా సరిపోతుంది. భూమికీ చంద్రుడికీ మధ్య దూరం భూమి వ్యాసానికి ముప్పై రెట్లు కాబట్టి, ఆ రెండింటి మధ్య సుమారు రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం పూట ఒకరు బత్తాయిని పుల్లకు గుచ్చి పట్టుకుంటే, ఇంకొకరు ఆ దూరంలో ఉసిరికాయను నీడలోకి మెల్లగా జరపాలి. నీడ తప్పిపోవడం ఎంత తేలికో అప్పుడు తెలుస్తుంది. చంద్రుడి దారి భూమి దారికి అయిదు డిగ్రీల చొప్పున వంగి ఉండటం వల్ల చాలా పౌర్ణములలో చంద్రుడు ఆ నీడకు పైనుంచో కిందనుంచో వెళ్లిపోతాడు, ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాకపోవడానికి కారణం అదే. గ్రహణం భూమి నీడ వల్లనే వస్తుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడని కూడా పిల్లలకు చెప్పండి. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, అదే రోకలిని గ్రహణం లేని రోజు కూడా నిలబెట్టి చూపించండి. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. పిల్లలు తామే నిలబెట్టి తెలుసుకున్నది మరిచిపోరు.

బైనాక్యులర్లు ఉంటే తెచ్చుకోండి, లేకపోతే కొనాల్సిన పని లేదు. 7×50 గానీ 10×50 గానీ అయితే చాలు, మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందరి అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పడుకుని చూసేటప్పుడు మోచేతులను పక్కన తలగడల మీద ఆనించుకుంటే బొమ్మ వణకదు. అద్దం మీద మంచు పేరుకుంటుంది, ఊదితే ఇంకా చెడిపోతుంది, వాడనప్పుడు మూత పెట్టి శాలువా కింద ఉంచడమే మార్గం. టార్చికి ఎర్ర జిలుగు కాగితం గానీ పల్చటి ఎర్ర గుడ్డ గానీ రబ్బరు బ్యాండుతో కట్టండి, ఎర్ర వెలుగులో కళ్లు చీకటి అలవాటు కోల్పోవు. సెల్‌ఫోన్ వెలుతురు తగ్గించుకోండి. ఫొటో తీయాలనుకుంటే ఫోనును ట్రైపాడ్‌కు బిగించి, ఫోకస్‌ను చంద్రుడి మీద ఆపి, మూడు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. కెమెరా ఉన్నవారికి ఒక లెక్క చెబుతాను. నిండు పున్నమి చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్8 వద్ద సెకనులో 250వ వంతు సరిపోతే, సంపూర్ణ దశలో ఐఎస్ఓ 800, ఎఫ్5.6 వద్ద ఒకటి రెండు సెకన్లు కావాల్సి వస్తుంది. కానీ మొదటిసారి చూసేవారు ఫొటోల మీద పడకండని నా గట్టి సలహా. 71 నిమిషాలు ఫోను తెర చూస్తూ గడిపేసి తర్వాత బాధపడినవారిని నేను చూశాను.

ఆ రాత్రి ఎనిమిదికల్లా పైకి చేరండి. 8 గంటల 10 నిమిషాల తర్వాత చంద్రుడి కింది అంచు దగ్గర పొగ పట్టినట్టు సన్నని మసక కనిపించడం మొదలవుతుంది. అది పలచటి నీడ, అంటే ఉపచ్ఛాయ. 8 గంటల 37 నిమిషాలకు ఆ అంచునే, కాస్త కుడివైపుగా, నల్లటి చుక్క పుట్టి పెరుగుతుంది. ఇప్పుడు నీడ అంచును శ్రద్ధగా చూడండి. అది ఎప్పుడూ వంపుగానే ఉంటుంది, ఆ వంపు చంద్రుడి వంపుకన్నా విశాలంగా ఉంటుంది. భూమి గుండ్రంగా ఉందనడానికి పూర్వం గ్రీకులు చూపిన సాక్ష్యం ఆ వంపే. ఆ నీడ వెడల్పు చంద్రుడి వెడల్పుకు రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ, వంపును బట్టి ఒక కాగితం మీద గుండ్రం పూర్తిచేసి గీస్తే మీకే తెలుస్తుంది.

9 గంటల 15 నిమిషాల తర్వాత నిమిషాలు విలువైనవి. ఒకసారి చంద్రుణ్ని వదిలి పిట్టగోడ మీద మీ నీడను చూడండి. 8 గంటలకు వేళ్లు లెక్కపెట్టగలిగేంత పదునుగా ఉన్న నీడ ఇప్పుడు పలచబడి ఉంటుంది, 9 గంటల 40 నిమిషాలకు అసలు ఉండదు. అరచేయి చూసుకుంటే గీతలు కనిపించవు. నిండు పున్నమి వెలుగులో పదివేల వంతు కూడా మిగలని స్థితికి గంటలోపు చేరుకుంటాం. అప్పటిదాకా వెన్నెలలో మునిగి ఉన్న నక్షత్రాలు ఒక్కసారిగా బయటపడతాయి. నడినెత్తికి కాస్త పడమరగా కృత్తికలు, అంటే మన పిల్లలకోడి. దక్షిణాన ఎత్తుగా మృగశిర, దాని పక్కన ఎర్రటి ఆర్ద్ర. చంద్రుడికి కింద ఎడమవైపున పునర్వసు జంట. ఇంకా దక్షిణానికి, అన్నిటికన్నా ప్రకాశంగా మెరిసేది సిరియస్. చంద్రుడు ఉండగానే, అదీ పౌర్ణమినాడు, ఇన్ని చుక్కలు చూడగలగడం గ్రహణానికి తప్ప సాధ్యం కాదు. ఇది చూడటానికైనా వీధి దీపం పడని చోటు వెతుక్కోమంటాను.

సంపూర్ణ దశలో చంద్రుడు మాయమవడు, ఎర్రబడతాడు. భూమి చుట్టూ ఉన్న గాలి పొర సూర్యకాంతిని వంచి నీడలోకి పంపుతుంది, ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ క్షణాన భూమి మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ కుంకుతోందో ఆ వెలుగంతా కలిసి చంద్రుడి మీద పడుతుందన్నమాట. ఎరుపు ఏ గ్రహణంలోనూ ఒకేలా ఉండదు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంద్రే దాంజో 1921లో దీన్ని సున్నా నుంచి నాలుగు వరకు కొలిచే పద్ధతి చెప్పాడు. మన వస్తువుల్లో చెబితే, చంద్రుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తే సున్నా, పాత ఇనుప మూకుడు గోధుమనలుపు అయితే ఒకటి, తుప్పు రంగు అయితే రెండు, ఇటుక రంగు అయితే మూడు, చింతపండుతో తోమిన రాగి చెంబులా మెరిస్తే నాలుగు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం బద్దలై దుమ్ము పై గాలిలోకి చేరాక, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు చాలా నల్లగా కనిపించాడు. 10 గంటల 22 నిమిషాలకు ఇంట్లో అందరూ ఒకరితో ఒకరు చెప్పకుండా తమ అంకె కాగితం మీద రాసి, తర్వాత పోల్చుకోండి. ఈసారి చంద్రుడు నీడ నడిమధ్యకు కాస్త ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి ఉత్తరపు అంచు మిగతా బింబం కన్నా వెలుగుగా ఉంటుంది. బైనాక్యులర్లున్నవారు 9 గంటల 45, 10 గంటల 59 నిమిషాల ప్రాంతంలో నీడ అంచున సన్నటి నీలి గీత కోసం చూడండి, పై గాలిలోని ఓజోన్ పొరను దాటి వచ్చిన వెలుగు అది.

10 గంటల 58 నిమిషాలకు, మొదట మసకబారిన తూర్పు వైపే మళ్లీ మొదట తెల్లబడుతుంది. అప్పటి నుంచి ఊళ్లో టపాసుల పొగ పెరుగుతుంది, అర్ధరాత్రి తర్వాత పొలాల మీద పొగమంచు కూడా దిగుతుంది. ఇంటికి బండి మీద రావాల్సినవారు విడుపు కోసం ఆగకుండా పదకొండున్నరకే బయలుదేరండి, జాతీయ రహదారి మీద ఆ రాత్రి మంచుకు తోడు తాగి నడిపేవారూ ఉంటారు.

మబ్బు సంగతి ఒక్క మాట. 2018 జులై 27 రాత్రి, 2025 సెప్టెంబరు 7 రాత్రి వచ్చిన పెద్ద గ్రహణాలు వానాకాలపు నెలల్లో పడ్డాయి, డిసెంబరు చివర మనకు ఆ భయం చాలా తక్కువ. అయినా భారత వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాన్ని ఆ సాయంత్రం ఒకసారి చూడండి. 2028లోనే జులై 6 రాత్రి 11 గంటల 50 నిమిషాల ప్రాంతంలో పాక్షిక గ్రహణం ఒకటి మనకు ఉంది, చంద్రుడి వ్యాసంలో పది పాళ్లలో దాదాపు నాలుగు పాళ్లు నీడలోకి వెళ్తాయి. ఆకాశం తెరిపి ఇస్తే మంచం, బైనాక్యులర్లు, ఎర్ర టార్చి అన్నీ ఆ రాత్రే ఒకసారి సరిచూసుకోవచ్చు.

డిసెంబరు 31 తప్పిపోతే 2029 డిసెంబరు 21 తెల్లవారుజామున ఇంకొకటి ఉంది. సుమారు 3 గంటల 44 నిమిషాల నుంచి 4 గంటల 38 నిమిషాల వరకు సంపూర్ణ దశ. ఆ వేళకు చంద్రుడు పడమట మూడు పిడికిళ్ల ఎత్తుకు దిగిపోయి ఉంటాడు కాబట్టి, తూర్పుకు తెరుచుకున్న మన సముద్ర తీరం వైపు కాకుండా, పడమర దిక్కున చెట్టూ మేడా లేని చెరువు గట్టు ఒకటి ఇప్పుడే చూసిపెట్టుకోండి.